గింజ నేలకు చేరే దారి

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



రేపటి ఇడ్లీలకి పప్పు నానబోశారా? ఇంకా లేకపోతే ఆ పని చేసుకుంటూనే వినండి. మనం గ్లాసుతో కొలిచి గిన్నెలో పోసుకునే మినప్పప్పూ, కుక్కర్లో పడేసే బియ్యమూ, సంక్రాంతి అరిసెలకని తెప్పించుకునే అనకాపల్లి బెల్లమూ, ఇవన్నీ మన వంటింటికి రాకముందు ఒకసారి మట్టిలోకి వెళ్ళి వచ్చినవే. వండటం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఈవేళ ఆ గింజ మట్టిలోకి వెళ్ళే ఘట్టం గురించీ, చిన్న కమతాల్లో దాన్ని వేసే చిన్న చిన్న యంత్రాల గురించీ నాకు తెలిసింది చెబుతాను.

పట్నవాసం చేసేవాళ్ళకి ఈ గొడవెందుకంటారా? మనలో చాలామందికి పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరమో, ఎకరమో ఉంటుంది. అన్నయ్యో తమ్ముడో చేస్తుంటాడు, లేదంటే కౌలుకిస్తాం. పంట నూర్చాక బియ్యం బస్తాలు ఆటోలో వచ్చి దిగుతాయి. "ఈ ఏడు రెండు బస్తాలు తగ్గాయేం?" అని అడుగుతాం తప్ప, ఆ గింజ ఎలా పడింది, ఎవరు వేశారు అని అడగం. నేనూ అడిగేదాన్ని కాదు. మా పుట్టిల్లు మునగపాక. అనకాపల్లికి దగ్గర ఊరు. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. అక్కడ నాకు 80 సెంట్ల మడి ఉంది. మా అన్నయ్య చేస్తాడు. ఆ మడి మీద నేను చేయించిన ఒక తెలివితక్కువ పని వల్లే ఈ విషయాలన్నీ తెలుసుకోవాల్సి వచ్చింది. ఆ కథ కూడా చెబుతాను, దాచుకోను.

ముందు అసలు సంగతి. విత్తనానికి కావలసినవి మూడు: లెక్క, ఎడం, లోతు. ఎన్ని గింజలు పడాలో అన్నే పడాలి. గింజకీ గింజకీ మధ్య తగినంత ఎడం ఉండాలి. లేకపోతే ఒకే కంచంలో నలుగురు పిల్లలకి పెట్టినట్టే, ఎవరి కడుపూ నిండదు. ఇక లోతు. వేరుశనగ గింజ సుమారు 5 సెంటీమీటర్ల లోతున పడితే హాయిగా మొలుస్తుంది. నువ్వు గింజ అంత లోతున పడిందంటే పైకి రాలేదు, దానికి 2, 3 సెంటీమీటర్లు చాలు. పైపైన పడిన గింజని పిట్టలు తింటాయి, ఎండకి మాడుతుంది. చేత్తో వెదజల్లితే ఈ మూడూ కుదరడం కష్టం. అందుకే వెదజల్లేవాళ్ళు ఎందుకైనా మంచిదని ఎక్కువ గింజలు చల్లేస్తారు. ఉప్పు కొలత తెలియని కొత్త కోడలు పులుసులో ఇంకో చెంచా వేసేసినట్టన్నమాట.

ఈ ఇబ్బంది మన పూర్వులకి తెలియంది కాదు. రాయలసీమలోనూ, పల్నాడులోనూ, తెలంగాణ మెట్ట పొలాల్లోనూ గొర్రు అనే పనిముట్టు తరతరాలుగా ఉంది. మూడో నాలుగో కొయ్య పళ్ళుంటాయి. ఒక్కో పంటి వెనక ఒక వెదురు గొట్టం. ఆ గొట్టాలన్నీ పైన ఒక కొయ్య గిన్నెలోకి కలుస్తాయి. దాన్ని జడ్డిగం అంటారు. మగవాడు ముందు ఎడ్లని తోలుతుంటే, ఆడమనిషి ఒడిలో గింజలు పోసుకుని వెనకే నడుస్తూ జడ్డిగంలో గింజలు వదులుతుంది. గుప్పెట మూసే ఉంటుంది, వేళ్ళ సందుల్లోంచి గింజలు జారుతుంటాయి. ఎడ్లు తొందరపడితే ఆమె చేయీ తొందరపడాలి, ఎడ్లు నెమ్మదిస్తే చేయీ నెమ్మదించాలి. యంత్రంలో అసలు కిటుకు ఆమె వేళ్ళలోనే ఉందన్నమాట. ఆ చేయి వంకరపోతే సాలు సాలంతా వంకరే. అందుకే విత్తనం వేసే ఆవిడకి ఊళ్ళో ఒక గౌరవం ఉండేది.

ఇంగ్లండులో 1701 ప్రాంతంలో జెత్రో టల్ అనే ఆయన గింజలు వరసగా వేసే యంత్రం చేశాడని మన పిల్లలు పాఠాల్లో చదువుకుంటారు. అది నిజమే. అయితే 18వ శతాబ్దం చివర్లో దక్షిణ భారతంలో పనిచేసిన కెప్టెన్ థామస్ హాల్కాట్ అనే ఇంగ్లీషు సైనికాధికారి ఒక సంగతి రాసి పెట్టాడు. వరసల్లో విత్తే నాగలి ఈ మధ్య యూరోపువాళ్ళు కనిపెట్టినదే అని తాను అనుకుంటున్నాననీ, తీరా ఇక్కడి రైతులు దాన్ని ఎప్పటినుంచో వాడుతున్నారని చూసి ఆశ్చర్యపోయాననీ ఆయన చెప్పాడు. ధరంపాల్ గారు 1971లో ఇంగ్లీషులో వెలువరించిన భారతీయ శాస్త్ర విజ్ఞాన గ్రంథంలో ఆ లేఖల్ని చేర్చారు. కాబట్టి విత్తనపు యంత్రం అనగానే పరాయి వస్తువని బెదిరిపోనక్కర్లేదు. మన గొర్రుకి అది చుట్టమే.

మరి ఇప్పటి యంత్రంలో ఆ వేళ్ళ పని ఏది చేస్తుంది? మీ ఇడ్లీ రేకు గుర్తు తెచ్చుకోండి. చుట్టూ గుంటలు. ఆ రేకుని కాస్త ఏటవాలుగా నిలబెట్టి, గింజలు పోసిన పెట్టె అడుగున తిప్పుతున్నారనుకోండి. ఒక్కో గుంటలో ఒక్కో గింజ ఎక్కుతుంది. రేకు తిరిగి పైకి రాగానే ఆ గింజ గొట్టంలో పడి భూమిలోకి జారుతుంది. మెట్ట పంటల ప్లాంటర్లలో ఉండే ముఖ్యమైన ఏర్పాటు ఇదే. వేరుశనగకి ఒక రేకు, మొక్కజొన్నకి ఒక రేకు, కందికి ఒక రేకు. గింజ మారితే రేకు మార్చుకుంటారు. ఇంకో తమాషా ఏమంటే, ఈ రేకుని తిప్పేది యంత్రం కింద నేల మీద దొర్లే చక్రమే. చక్రం దొర్లితేనే రేకు తిరుగుతుంది, ఆగితే ఆగుతుంది. కాబట్టి బండి తొందరగా పోయినా, మెల్లగా పోయినా గింజకీ గింజకీ మధ్య ఎడం మారదు. గొర్రు వెనక నడిచే అమ్మ వేళ్ళు చూసుకునే లెక్కని ఇక్కడ గొలుసూ చక్రమూ చూసుకుంటున్నాయి. కొన్నిటిలో ఎరువుకి వేరే పెట్టె, వేరే గొట్టం ఉంటాయి. ఎరువు గింజకి తగిలితే మొలక మాడుతుంది కనక, కాస్త పక్కగా, కాస్త కిందగా పడేట్టు అమరుస్తారు.

ఇటువంటివి ట్రాక్టరుకి తగిలించేవి ఉన్నాయి, ఎడ్లకి కట్టేవి ఉన్నాయి, చంటిపిల్లల తోపుడుబండిలా ఒక మనిషి తోసుకుపోయేవీ ఉన్నాయి. అనంతపురం వ్యవసాయ పరిశోధనా స్థానం వారు అక్కడి వేరుశనగ రైతుల కోసం ట్రాక్టరుతో నడిచే ప్లాంటరే తయారుచేశారు. అయితే ఎవరి పొలానికి ఏది అన్నదే అసలు ప్రశ్న. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో నూటికి 86 కమతాలు 2 హెక్టార్ల లోపువే. అంటే అయిదెకరాల లోపు. సగటు కమతం 1.08 హెక్టార్లు, రెండు ముప్పావు ఎకరాలు కూడా లేదు. ఏడాదిలో నాలుగు రోజులు వాడే యంత్రానికి లక్షలు పోసి కొనడం ఇంత చిన్న రైతుకి గిట్టుబాటు కాదు. పండక్కి అరిసెలు చేయడానికి ఇంట్లో పిండిమర పెట్టించుకోం కదా! వాళ్ళకి కావలసింది ఒక మనిషో ఇద్దరో మోసుకుపోగలిగేది, లేదంటే అద్దెకి దొరికేది.

అలాంటిదే మా మునగపాక మడిలోకి వచ్చిన విత్తనాల డబ్బా. డ్రమ్ సీడర్ అంటారు.

మా ఊరి వైపు శారదా నది, కొండకర్ల ఆవ, వాటి చుట్టూ చెరకూ, వరీ. వరి అంటే మావైపు ఉభాలు. మీరు ఊడ్పులు అంటారో, నాట్లు అంటారో, మేం ఉభాలు అంటాం. ముందు ఆకుమడిలో విత్తనాలు చల్లి, నారు ఎదిగాక పీకి, కట్టలు కట్టి, దమ్ము చేసిన మడిలో వంగి ఒక్కొక్క కుదురే గుచ్చాలి. చదరపు మీటరుకి 33 కుదుళ్ళు ఉండాలని వ్యవసాయశాఖవారు చెబుతారు. నేను ఒకరోజు కాగితం మీద లెక్క వేశాను. ఎకరానికి ఒక లక్షా ముప్పై వేల పైన కుదుళ్ళు! లక్షా ముప్పై వేల సార్లు ఎవరో ఒక ఆడమనిషి చేయి బురదలోకి దిగాలి. పది పన్నెండు మంది పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగితే ఎకరం అవుతుంది. మనం కంచంలో కలుపుకునే ముద్ద వెనక ఇన్ని నడుములు ఉన్నాయని నాకు ఆ లెక్క వేసేదాకా తోచలేదు.

డ్రమ్ సీడర్ ఈ ఆకుమడినీ, ఉభాలనీ రెంటినీ తప్పిస్తుంది. నేరుగా మొలకెత్తిన విత్తనాన్ని మడిలో వరసలుగా వేస్తుంది. ఫిలిప్పీన్సులో 1960లో పెట్టిన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో దీన్ని రూపొందించారు. వియత్నాంవాళ్ళు దాన్ని ప్లాస్టిక్ డబ్బాలతో తేలిక చేశారు. మన దగ్గరికీ అదే వచ్చింది. చూడటానికి మహా సులువైన వస్తువు. ఒక ఇరుసుకి నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు. రెండు చివర్లా రెండు పెద్ద చక్రాలు. లాగడానికి ఒక పిడి. ఒక్కో డబ్బాకి రెండు అంచుల్లోనూ చుట్టూ రంధ్రాలు. అంటే నాలుగు డబ్బాలకి ఎనిమిది వరసలు. వరసకీ వరసకీ 20 సెంటీమీటర్లు. పిడి పట్టుకుని లాగితే చక్రాలతోపాటు డబ్బాలు దొర్లుతాయి. రంధ్రం కిందికి వచ్చినప్పుడల్లా నాలుగు గింజలు బురద మీద రాలతాయి. పెట్రోలు లేదు, కరెంటు లేదు. ఒకసారి పోతే 1.6 మీటర్ల వెడల్పు అవుతుంది. ఆ లెక్కన ఎకరానికి బురదలో రెండున్నర కిలోమీటర్లు నడవాలి. రోజుకి సుమారు రెండున్నర ఎకరాలు చేయవచ్చు.

విత్తనాన్ని తయారుచేసే పద్ధతి మనకి కొట్టిన పిండి. పెసలు మొలకెత్తించినట్టే. వడ్లని 24 గంటలు నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు వార్చి, గోనెలో మండె కట్టి మరో రోజు ఉంచుతారు. గింజ ముక్కు పగిలి తెల్లగా కనిపించగానే తీసి, ఒక అరగంట నీడన ఆరబెట్టాలి. ఎకరానికి 10 నుంచి 15 కిలోలు చాలు. ఆకుమడికైతే 20 నుంచి 30 కిలోలు పడుతుంది. పైగా నారు పీకి నాటినప్పుడు మొక్కకి కలిగే బెంగ ఇందులో లేదు కనక పంట వారం, పది రోజులు ముందు కోతకి వస్తుంది.

చదువుతుంటే ఎంత బాగుందో చూశారా? నాకూ అలాగే అనిపించింది. 2022లో ఒక ప్రసంగం కోసం ఈ సమాచారమంతా చదివి, ఆ ఉత్సాహంలో మునగపాకకి ఫోను చేశాను. "అన్నయ్యా, ఈసారి నా మడిలో ఉభాలు వద్దు, డబ్బాతో వేయించు" అన్నాను. అన్నయ్య వెనకా ముందూ ఆడాడు. "ఆ ముఠావాళ్ళకి మాటిచ్చేశానే చెల్లీ" అన్నాడు. "కూలి ఖర్చు కలిసొస్తుంది కదా" అన్నాను నేను. మడి నాది కాబట్టి ఇంక కాదనలేకపోయాడు. ముఠావాళ్ళని రావద్దన్నాడు. డబ్బా అద్దెకి తెచ్చాడు.

ఇక జరిగింది వినండి. పెళ్ళిపనుల్లో పడి మండె విప్పడం ఒక పూట ఆలస్యమైంది. మొలకలు పొడుగెక్కి ఒకదానికొకటి చిక్కుకున్నాయి. మాటిమాటికీ నింపడం ఎందుకని డబ్బాల నిండా గింజలు పోశారు. పౌడరు డబ్బా నిండుగా ఉంటే ఎంత దులిపినా సరిగ్గా రాలదు, మీకు తెలుసుగా. ఇదీ అంతే. మూడింట రెండు వంతులే పోయాలి, లోపల గింజ దొర్లడానికి చోటుండాలి. ఇక అన్నిటికన్నా పెద్ద తప్పు, మడి చదును కాలేదు. తూర్పు మూల పల్లం, పడమటి గట్టు వైపు మెరక. దోసెల పెనం గుంటపడితే పిండి ఎక్కడ చేరుతుందో మీకు నేను చెప్పాలా? పల్లంలో నీళ్ళు నిలిచి గింజ మురిగిపోయింది. మెరకన ఎండి పిట్టల పాలైంది. మిగిలినదాని మీద మూడో రాత్రి పెద్ద వాన పడి గింజల్ని ఓ మూలకి ఊడ్చేసింది. పదిహేను రోజులయ్యేసరికి వరి ఎంతో ఊదగడ్డి అంత. నేను వెళ్ళి గట్టు మీద నిలబడి చూస్తే ఏడుపొచ్చింది. వదిన ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ.

గుబురుగా ఉన్నచోట మొక్కలు తీసి ఖాళీల్లో నాటించాలి. దానికి ఎవరు కావాలి? వద్దన్న ఆ ముఠావాళ్ళే. వాళ్ళు అప్పటికి వేరే పొలాలకి ఒప్పుకున్నారు. పది రోజులకి వచ్చారు. ముఠా నడిపే పెద్దమ్మకి అరవై దాటి ఉంటాయి. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆవిడ ఉభాలకి వచ్చేది. గట్టు మీద చీర ఎగదోపుకుంటూ అంది:

"ఏటమ్మా, డబ్బా వొచ్చినాదన్నారు కదా, మరి మా సేతులతో పనేటి?"

నాకు నోట మాట రాలేదు. ఆవిడే నవ్వేసి మళ్ళీ అంది:

"కోపం నేదమ్మా. ఉభాలంటే మాకూ సరదా కాదు. రాత్రి పడుకుంటే నడుం కర్రయిపోద్ది. కానీ ఆ నెల్లాళ్ళ కూలితోనే గుంటల పుస్తకాలూ బట్టలూ. అది ఎల్లిపోతే దాని బదులేటో ఎవలు సెప్తారు?"

అక్కయ్యలూ, యంత్రం గురించి నేను చదివిన కాగితాల్లో విత్తనం ఎన్ని కిలోలు మిగులుతుందో ఉంది, ఎన్ని రోజులు మిగులుతాయో ఉంది. కూలి ఖర్చు ఎంత తగ్గుతుందో ఉంది. ఆ తగ్గిన ఖర్చు ఒకరి ఇంటికి వచ్చే రాబడి అని మాత్రం నేను ఆలోచించలేదు. పొదుపు అన్న మాట మన ఇంటి లెక్కల పుస్తకంలో ఎంత ముచ్చటగా ఉంటుందో! ఇంకొకరి పుస్తకంలో అదే అంకె నష్టం కింద ఉంటుంది.

ఆ ఏడు వచ్చిన బియ్యం గురించి చెప్పకపోవడమే మంచిది. 2023లో మళ్ళీ ప్రయత్నించాం, కానీ ఈసారి ముందు పెద్దమ్మ ముఠాతో కూర్చుని మాట్లాడాం. డబ్బా లాగే పని వాళ్ళదే. కూలి రోజుకి కాదు, ఎకరానికింత అని. పెద్దమ్మ కోడలు ముందు నేర్చుకుంది. దమ్ము చేశాక చదును బల్ల రెండుసార్లు తోలించి, ఒక రోజు బురద పేరుకోనిచ్చారు. బురద మరీ జారుగా ఉంటే గింజ లోపలికి దిగిపోతుంది. నీళ్ళు తీసేసి పైన సన్నటి తడి మాత్రమే ఉంచారు. తిరుగు వరసలో చక్రం మొదటిసారి పడిన జాడలోనే పోవాలి, అప్పుడే వరసల ఎడం తప్పదు. ఆ అమ్మాయి రెండో రోజుకల్లా నూలు పట్టినట్టు లాగింది. మొదటి రోజుల్లో మడిలో నీళ్ళు నిలవనివ్వలేదు. పిట్టల్ని తోలడానికి పిల్లలు గట్టు మీద కాపలా కాశారు.

ఇక కలుపు. డ్రమ్ సీడర్ పద్ధతిలో అసలు బెడద ఇదే. ఉభాల మడిలో నీళ్ళు నిలవగట్టి ఉంచుతాం కనక కలుపు అణిగి ఉంటుంది. ఇక్కడ వరీ, గడ్డీ ఒకేసారి పుడతాయి. విత్తిన మొదటి వారంలోనే వ్యవసాయాధికారి చెప్పిన మందు, చెప్పిన మోతాదులో, చేతులకి తొడుగులూ ముక్కుకి గుడ్డా కట్టుకుని వేయాలి. తరవాత వరసల మధ్య కోనోవీడర్ నడపాలి. పళ్ళున్న చక్రాలతో నిలబడి తోసే పనిముట్టు అది. గడ్డిని పీకి బురదలో తొక్కేస్తుంది. వెదజల్లిన మడిలో ఈ పని కుదరదు, వరసలున్నాయి కాబట్టే కుదిరింది. అది కూడా ముఠావాళ్ళే చేశారు, రెండుసార్లు.

పంట వారం ముందు వచ్చింది. బస్తాలు ఉభాల ఏడు ఎన్నో అన్నే. 80 సెంట్లకి 10 కిలోల విత్తనం సరిపోయింది. మరి ముఠా లెక్క? అది సమానం కాలేదని ఒప్పుకోవాలి. ఉభాలైతే ఆ మడిలో పదిమందికి ఒక రోజు పని. ఇప్పుడు లాగడానికి ఇద్దరు, కలుపుకి నలుగురు. పెద్దమ్మ అంది: "నడుం మిగిలినాది. కూలి సగమే మిగిలినాది." ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటి వదిలేసినా నిజం సగమే అవుతుంది.

ఆ మిగతా సగానికి ఏం దారి? నాకు తోచింది ఒక్కటే. ఆ డబ్బా అద్దె ఎవరి చేతికి పోతోందో చూడాలి. ప్లాస్టిక్ డ్రమ్ సీడర్ ఖరీదు కొన్ని వేలే, ట్రాక్టరులా లక్షలు కాదు. ఒక డ్వాక్రా సంఘం కొనుక్కోగలిగిన వస్తువు. లాగే కూలీ, అద్దె డబ్బూ రెండూ ఒకే గడపలోకి వస్తే సగం కూలికి కాస్త తోడు దొరుకుతుంది. గొర్రు వెనక గింజలు వదిలిన చేతులూ ఆడవాళ్ళవే, ఉభాలు వేసిన చేతులూ ఆడవాళ్ళవే. యంత్రం రాగానే పిడి మాత్రం మగవాడి చేతికి పోవాలని ఎక్కడుంది?

చెరకులో ఈ సంగతి మరీ బాగా కనిపిస్తుంది. అనకాపల్లిలో 1913లో పెట్టిన పరిశోధనా స్థానం ఉంది. చెరకు మీద వందేళ్ళకి పైగా పనిచేస్తోంది. చెరకుకి గింజ నాటరు, గడనే ముక్కలు చేసి నాటుతారు. మూడు కళ్ళున్న ముక్కని ముచ్చె అంటారు. ఎకరానికి 16,000 ముచ్చెలు, అంటే సుమారు 4 టన్నుల చెరకు భూమిలో పాతిపెట్టాలి. అదే గానుగాడితే నాలుగు క్వింటాళ్ళ దాకా బెల్లం అవుతుంది! ఇప్పుడు ఒక చిన్న చేతి యంత్రం ఉంది. కొబ్బరి చెక్కలోంచి ముక్క తీసినట్టు, మీట నొక్కితే వంపు కత్తి గడ మీది కన్నుని మాత్రం చిప్పలా తీస్తుంది. కళ్ళు తీసిన గడని వెంటనే గానుగకి పంపుకోవచ్చు. ఆ చిప్పల్ని మందునీళ్ళలో ముంచి, కొబ్బరిపీచు పొట్టు నింపిన ట్రేల్లో పెట్టి, నీడలో నెల్లాళ్ళు పెంచితే మొక్కలవుతాయి. దూరం దూరంగా నాటే పద్ధతిలో ఎకరానికి 5,000 మొక్కలు చాలు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ వారూ, ప్రపంచ వన్యప్రాణి నిధివారూ కలిసి 2009లో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. కన్ను తీయడం, ట్రేలు నింపడం, నీళ్ళు చల్లడం అన్నీ నీడపట్టున కూర్చుని చేసే పనులు. ఇక్కడ యంత్రం ఆడవాళ్ళ పని తీసేయలేదు, ఇంకో కొత్త పని ఇచ్చింది. మొక్కలు పెంచి అమ్ముకునే సంఘానికి అది సొంత వ్యాపారమే అవుతుంది.

మీకూ నాలాగా ఎక్కడో ఒక మడి ఉంటే, ఈసారి పుట్టింటికి ఫోను చేసినప్పుడు ఈ నాలుగూ అడగండి. ఒకటి, మడి చదునుగా ఉందా, నీళ్ళు పెట్టుకోవడానికీ తీసేయడానికీ వీలుందా? ఆవ దరిని నీళ్ళు నిలిచే పల్లపు పొలాలకీ, చౌడు నేలలకీ ఈ డబ్బా పనికిరాదు. వాటికి ఉభాలే మేలు. రెండు, జోరు వానలు ఎప్పుడుంటాయో చూసుకుని విత్తుతున్నారా? మూడు, కలుపుకి ముందే ఏర్పాటు ఉందా? నాలుగు, ఇన్నాళ్ళూ ఆ మడిలో వంగినవాళ్ళని పిలిచి మాట్లాడారా? యంత్రాల అద్దె వివరాలు ఊళ్ళోనే రైతు సేవా కేంద్రంలో తెలుసుకోవచ్చు. 2020లో పెట్టినప్పుడు రైతు భరోసా కేంద్రాలనేవారు, అవే ఇవి. మొదటి ఏడు మడి మొత్తం వేయించకండి. ఒక పక్కన పది సెంట్లు వేసి చూడండి. కొత్త పచ్చడి ముందు చిన్న సీసాలో పెట్టుకుని చూడమూ? అలాగే.

కిందటి నెల మునగపాక వెళ్ళినప్పుడు పెద్దమ్మ కోడలు కనిపించింది. వాళ్ళ సంఘంలో డబ్బా కొనే మాట నడుస్తోందట. ఇంకా తేలలేదట. "మీరు ఒక మాట సాయం రండమ్మా" అంది. వెళ్ళాలి. మైకు ముందు చెప్పినంత తేలిక కాదు ఆ పని. కానీ నా ఒక్క ఫోనుతో పదిమంది కూలి పోయింది కదా, ఆ బాకీ కొంతైనా తీర్చుకోవాలి.

పప్పు నానే ఉంటుంది.